ముందు వినండి, గీత తర్వాత చెప్పొచ్చు

ఫ్రెండ్స్, అర్జున విషాద యోగంలో అర్జునుడు తన బాధంతా చెప్పుకునేదాకా కృష్ణుడు మధ్యలో అడ్డు రాలేదు. ఇంట్లో తమ్ముడికో చెల్లికో దిగులొస్తే మనమూ అలాగే వినాలి.

టీనేజ్‌లో డిప్రెషన్ మొదటిసారి రావడానికి దారితీసేవి చాలా ఉన్నాయి: కుటుంబంలో ఎవరికైనా ఉండటం, ఇంట్లో గొడవలు, స్కూల్లో ఏడిపించడం, దగ్గరివాళ్లని పోగొట్టుకోవడం. యుక్తవయసు నుంచి అమ్మాయిల్లో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది.

ఒకసారి వచ్చిందంటే, మళ్లీ వచ్చే రిస్క్ పెరుగుతుంది. పూర్తిగా తగ్గకుండానే మందులు ఆపేస్తే ఇంకా ఎక్కువ. రెండోసారి చిన్న ఒత్తిడి కూడా చాలొచ్చు. అందుకే "మళ్లీ మొదలెట్టావా?" అనకండి.

2 వారాలు దాటి దిగులు, చిరాకు, నిద్రలో తేడా ఉంటే డాక్టర్‌కి చూపించండి. టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పూజ మానక్కర్లేదు, మందు మానకూడదు. జై శ్రీకృష్ణ!