పిల్లల కీళ్లవాతం – కంప్యూటర్ రికార్డు చేసే మేలు

కీళ్లవాతం అనగానే మనకు ముసలివాళ్లే గుర్తుకు వస్తారు. కాని ఈ జబ్బు పసిపిల్లలకు కూడా వస్తుంది. 16 ఏళ్లు నిండకముందే మొదలై, కీళ్ల వాపు కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం ఏదీ కనబడకపోతే దానిని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అంటారు. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం, కుంటడం, మోకాలు వాచడం దీని లక్షణాలు. చిన్నపిల్లలు నొప్పి అని చెప్పలేక, నడవకుండా ఎత్తుకోమని మారాం చేస్తారు.

ఇది ఏళ్ల తరబడి చూసుకోవలసిన జబ్బు. కీళ్ల డాక్టరు, కంటి డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ల్యాబు – అందరి పనీ కలిస్తేనే వైద్యం. ఒకరు రాసినది మరొకరికి అందకపోతే నష్టపోయేది బిడ్డే.

మరచిపోకూడని మూడు సంగతులు

1. కన్ను: ఈ పిల్లల్లో కొందరికి కంటి లోపల వాపు (యువియైటిస్) వస్తుంది. చాలామందిలో కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు. గుర్తించకపోతే శుక్లం, నీటికాసులు వచ్చి చూపు పోవచ్చు. స్లిట్ ల్యాంప్ పరీక్షలోనే ఇది బయటపడుతుంది. 7 ఏళ్లలోపు జబ్బు మొదలై, కొద్ది కీళ్లకే వచ్చి, ఏ.ఎన్.ఏ. రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉన్నవారికి ముప్పు ఎక్కువ. వారికి మొదటి 4 ఏళ్లు 3 నెలలకొకసారి ఈ పరీక్ష చేయించాలి.

2. మందు: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. ఇది వాడే పిల్లలకు మొదలుపెట్టే ముందు, తరువాత 1–2 నెలల్లో, ఆపైన 3–4 నెలలకొకసారి రక్తకణాలు, లివరు, కిడ్నీల పరీక్షలు అవసరం.

3. కొలత: జబ్బు చురుకుగా ఉన్న కీళ్లు ఎన్ని, డాక్టరు అంచనా, తల్లిదండ్రుల అంచనా, ఇ.ఎస్.ఆర్. – ఈ నాలుగింటిని కలిపి జబ్బు తీవ్రతకు ఒక అంకె కడతారు. 2009లో వచ్చిన ఈ కొలతను ‘జడాస్’ అంటారు. అంకె తగ్గకపోతే మందు మార్చవలసిన సమయం వచ్చిందేమో డాక్టరు ఆలోచిస్తారు.

కంప్యూటర్ ఏమి చేస్తుంది?

ఈ వివరాలు కాగితం ఫైలులోనూ ఉంటాయి. అయితే బిడ్డ వచ్చిన రోజునే ఆ ఫైలు తెరుస్తారు. రాని బిడ్డను ఫైలు గుర్తు చేయదు. కంప్యూటర్ రికార్డు అయితే కంటి పరీక్ష గడువు దాటిన పిల్లల జాబితాను ఒక్కసారిగా తీసి ఇస్తుంది. వారి ఇళ్లకు ఫోను చేయవచ్చు. వారానికి వేయవలసిన మందును రోజూ అని రాస్తే హెచ్చరించేలా దానిని అమర్చవచ్చు. జడాస్ అంకెలను గీతగా చూపిస్తే జబ్బు తగ్గుతున్నదీ లేనిదీ తల్లిదండ్రులకు కూడా అర్థమవుతుంది.

అమెరికా, కెనడాలలోని పిల్లల కీళ్ల వైద్య కేంద్రాలు కొన్ని 2011 నుండి పి.ఆర్.-కోయిన్ అనే బృందంగా కలిసి, ఇలాంటి వివరాలను ఒకచోట నమోదు చేసి తమ వైద్యాన్ని సరిదిద్దుకుంటున్నాయి.

ఒక జాగ్రత్త: కంప్యూటర్ తనకు ఇచ్చినదే చెబుతుంది. “బాగానే ఉంది” అని రాస్తే అది లెక్కకు రాదు. కీళ్ల సంఖ్య, పరీక్ష తేదీ, మందు మోతాదు వేర్వేరు గడులలో నింపాలి.

మన దేశంలో 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. దీని కింద 14 అంకెల ‘ఆభా’ నంబరు తీసుకుంటే, మన అనుమతితో వేర్వేరు ఆసుపత్రుల రికార్డులను ఒకచోట చూడవచ్చు.

తల్లిదండ్రులు చేయవలసినవి

• కంప్యూటర్ లేని ఆసుపత్రి అయితే ఒక నోటుబుక్కు పెట్టండి. కంటి పరీక్ష, రక్తపరీక్ష తేదీలు, తరువాతి గడువు రాయండి.
• మెథోట్రెక్సేట్ వేసే వారం పేరు (ఉదా: ఆదివారం) చీటీపై రాయించుకోండి.
• కంటి డాక్టరు రిపోర్టును కీళ్ల డాక్టరుకు తప్పక చూపించండి.
• ఫోను నంబరు మారితే ఆసుపత్రిలో చెప్పండి. గుర్తుచేసే ఫోను ఆ నంబరుకే వస్తుంది.
• ఈ మందులు వాడుతుండగా టీకాలు వేయించే ముందు డాక్టరును అడగండి.

కీళ్ల వాపు తగ్గి బిడ్డ ఆడుకుంటున్నా కంటి పరీక్ష మానవద్దు. కీళ్లు బాగున్నప్పుడు కూడా కంటిలో వాపు రావచ్చు.