ప్రశ్నలు - జవాబులు: సుషీ విందుకు పోవు ముందు

ప్రశ్న: మా నాయన సింగరేణిలో వచ్చే నెల దిగిపోతున్నారు. నేను హైదరాబాదులో నౌకరి చేస్తున్నాను. ఆ సందర్భంలో అమ్మానాయనలను నగరంలో మంచి పేరున్న సుషీ హోటలుకు ఒక రాత్రి తీసుకుపోవాలని ఆశ. నాయనకు షుగర్ ఉంది. అమ్మ చేప తింటుంది గాని పచ్చిది అంటే భయం. ధర తెలిస్తే నాయన రారని ఇంకా చెప్పలేదు. అక్కడ వాళ్లు చిన్నబోకుండా ఎట్లా ఏర్పాటు చేయాలి?
— ఒక కుమారుడు, రుద్రంపూర్, కొత్తగూడెం

జవాబు: మీ తల్లిగారు పచ్చిచేపకు భయపడుచున్నారు, మీరు హోటలువారికి భయపడుచున్నారు. ఆమె భయమును పోగొట్టుటకు నాలుగు వాక్యములు చాలును గాని, మీ భయమును గూర్చి కొంత విపులముగా చెప్పక తప్పదు. ఏలయనగా పిల్లలు పట్టణములలో స్థిరపడిన మన గనుల ప్రాంతపు ఇండ్లనుండి వచ్చు ఉత్తరములలో ఈ సంకోచమే మాటిమాటికి కనబడుచున్నది.

దశాబ్దముల తరబడి బాయిలో దిగి, పైకప్పును తట్టి, వచ్చిన చప్పుడును బట్టి అది నిలుచునో కూలునో చెప్పగలిగిన మనుష్యుడు, రెండు పుల్లలతో అన్నము పట్టుకొనుట రానంత మాత్రమున ఒక భోజనశాలలో చిన్నబోవునని తలచుట మీకు తగదు. పైగా మీరింతగా జంకుచున్న ఈ తిండి శ్రమజీవుల నడుమ పెరిగినది. పూర్వము చేపను ఉప్పుతోను అన్నముతోను కలిపి నెలల తరబడి ఊరవేసి, తినునప్పుడు అన్నమును పారవేసి చేపను మాత్రమే తినెడివారు. 1820 ప్రాంతమున, నేటి టోక్యోయైన ఎదో నగరమున, హనాయా యోహే మొదలగు వంటవారు పులుపు కలిపిన అన్నపు ముద్దపై చేపముక్క నుంచి అప్పటికప్పుడు అందించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. పనికి పోవువారును, పని ముగించి వచ్చువారును వీధిబండ్ల యొద్ద నిలుచుండి దానిని చేతితో తిని పోయెడివారు. అప్పటి ముద్ద నేటిదానికంటె ఎంతో పెద్దది. 1923 నాటి భూకంపమున టోక్యో నేలమట్టమై, అచ్చటి వంటవారు తమ తమ ఊళ్లకు చెదరిపోవుటతో అది జపాను దేశమంతటను వ్యాపించినది. కావున మీ తండ్రిగారు దానిని చేతితో తిన్నచో అది మొరటుతనము కాదు. ఈనాటికిని సుషీని చేతితో తినుట మర్యాదగానే ఎన్నబడుచున్నది. పుల్లలు తీసి ప్రక్కన పెట్టి, ముందు మీరు చేతితో తినుడు. మీ తండ్రిగారు మిమ్ములను చూచి అట్లే చేయుదురు.

ధరను దాచుట మీరు చేయబోవు పెద్ద పొరపాటు. గ్రాట్యుటీ లెక్కను పైసలతో సహా సరిచూచుకొను మనుష్యుడు బల్లమీదికి వచ్చిన బిల్లును చూడకుండునా? చూచినయెడల, తిన్న ముద్ద ప్రతిదియు గొంతులోనికి తిరిగి వచ్చును. ముందుగానే హోటలుకు ఫోను చేసి, ఏ ఏ వంటకము తెప్పించుకొన్న ఎంత యగునో, వంటవాని ఇష్టమునకు వదలివేయు ‘ఒమకసే’ అను భోజనమునకు తలకింత యెంతో, దానిపై పన్నెంతో నిర్భయముగా అడుగుడు. ధర అడిగినవానిని చులకనగా చూచు హోటలు ఎంత పేరుపొందినదైనను మీ తల్లిదండ్రులు కాలుపెట్టుటకు తగినది కాదు. తెలిసికొన్న మొత్తమును ఇంటిలోనే తండ్రిగారికి చెప్పి, “ఇది నా సంపాదన, మీ చేతి కష్టము వలన వచ్చిన చదువుతో సంపాదించినది, ఒక్క పూట నా మాట కాదనవద్దు” అని అడుగుడు. ఒప్పుకొనని తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు.

వేళ విషయము ముఖ్యము. నగరమున తొమ్మిదింటికి గాని భోజనమునకు కూర్చుండరు. షిఫ్టులకు అలవాటుపడిన శరీరము, అందునను షుగర్ ఉన్న శరీరము, అంతవరకు ఆగదు. తలుపులు తీయగనే, ఏడు గంటల ప్రాంతమున, శని ఆదివారములు కాని దినమున బల్ల కేటాయింపుమని చెప్పుడు. సుషీ అన్నములో సిర్కాతోపాటు పంచదారయు కలియును. మాత్రయో సూదియో ఏ వేళకు వేసికొనవలెనో వారి డాక్టరును ముందే అడిగియుంచుడు. అదే రోజున ఐదారు గంటల ప్రయాణము చేయించి, కొత్తగూడెమునుండి నేరుగా విందుకు తీసికొనిపోవలదు. ముందు రాత్రి మణుగూరు బండిలో వచ్చి, పగలు విశ్రమించిన పిదప సాయంకాలము పోవుట మేలు.

వంటవాని యెదుట నుండు అరుగు యొద్ద చోటడుగుడు. అచ్చటి కుర్చీలు మిక్కిలి ఎత్తైనచో, మోకాళ్లు నొప్పించునెడల, బల్లయే చాలును. అరుగు కోరుమనుటకు కారణము కలదు. తడి చేతితో అన్నమును తీసి, రెండు మూడు ఒత్తులలో, గట్టిపడకుండ, విడిపోకుండ ముద్ద చేయుట ఏండ్ల అభ్యాసము. చేతిపని విలువ ఎరిగిన మీ తండ్రిగారికి తిండికంటె ఆ చూచుటయే గొప్ప వినోదము కావచ్చును.

ఇక మీ తల్లిగారు. సుషీయనగా పచ్చిచేప యొక్కటే కాదు. ఉడికించిన రొయ్యది, కాల్చిన ఈలుచేపది, పొరలు పొరలుగా వేసిన గ్రుడ్డు అట్టుది, దోసకాయను లోపల పెట్టి చుట్టినది కలవు. వీనిలో పచ్చిచేప యుండదు. ఆ అన్నమును గూర్చి ఆమెకు చెప్పునప్పుడు పులిహోరతో మొదలుపెట్టుడు: వండిన అన్నమును వెడల్పు కొయ్యతొట్టిలో పరచి, పులుపును చల్లి, మెతుకు నలగకుండ గరిటెతో కోసినట్లు కలుపుచు, విసనకర్రతో విసరి ఆరబెట్టుదురు. మన యింట పులిహోరకు అన్నము ఆరబెట్టిన చేతికి ఇందులో క్రొత్త యేదియు లేదు. పచ్చగా నుండు వసాబిని కొద్దిగా పెట్టుమనియో, అసలు వద్దనియో ముందే చెప్పవచ్చును. దానిని చట్నీవలె ఎత్తి తినిన ముక్కు మండిపోవును. సోయా రసములో ఉప్పు మెండు. ముద్దను అందులో ముంచక, చేప వైపు అంచును మాత్రము తాకింపుడు. ముక్కకు ముక్కకు నడుమ నోటిని శుభ్రపరచుకొనుటకు అల్లపు ఊరుగాయ పెట్టుదురు. ఇల్లు చేరిన పిదప మీ తల్లిగారు ఒక ముద్ద పెరుగన్నము కలుపుకొన్నచో నొచ్చుకొనవలదు. దానికై ఫ్రిజ్‌లో పెరుగు ముందే ఉంచుడు.

ప్రశ్న: మాలలో ఉన్నాను. స్నేహితులు శాకాహార సుషీ ఉంది రమ్మంటున్నారు. పోవచ్చునా?
— ఒక స్వామి, పాల్వంచ

జవాబు: మాల విరమించిన పిదప పొండు, అదే కత్తి, అదే పలక, అదే చేయి.

ప్రశ్న: భద్రాచలంలో గోదావరి చేప తాజాగా దొరుకుతుంది. వీడియోలు చూసి ఇంట్లోనే పచ్చి కొరమీనుతో సుషీ చేయాలని పిల్లలు పట్టుబడుతున్నారు. నిమ్మరసం పిండితే సరిపోతుందంటున్నారు.
— ఒక గృహిణి, చుంచుపల్లి

జవాబు: చేయవలదు, చేయనీయవలదు. నదిలోను చెరువులోను పెరిగిన చేపను పచ్చిగా తినరాదు, అది వలలో ఎగురుచున్నదైనను సరే. తాజాదనమునకును, పురుగు లేకుండుటకును సంబంధము లేదు. కొరమీను మాంసమున నేథోస్టోమా అను సూక్ష్మమైన పురుగు పిల్ల యుండవచ్చును. అది మనుష్యుని దేహమున చర్మము క్రింద ప్రాకును, ఒకొక్కప్పుడు కంటిని, మెదడును చేరును. ఈశాన్య థాయిలాండులో నదీమత్స్యములను పచ్చిగా తిను అలవాటు వలన కాలేయమున జలగవంటి పురుగు చేరి, పిత్తనాళముల క్యాన్సరు ఎందరినో బలిగొన్నది. నిమ్మరసము చేపను తెల్లగా మార్చునే గాని ఆ పురుగును చంపదు. మంచి హోటళ్లవారు తెప్పించు సముద్రపు చేపనైనను మైనస్ 20 డిగ్రీల చలిలో 7 దినములు ఉంచవలెననియో, అంతకంటె తీవ్రమైన చలిలో గడ్డకట్టింపవలెననియో నియమములు కలవు. మన యింటి ఫ్రిజ్ అంతటి చలిని నమ్మకముగా నిలుపలేదు. పిల్లల ఉత్సాహమును మాత్రము చల్లార్చకుడు. దోసకాయ, గ్రుడ్డు అట్టు, ఉడికించిన రొయ్య పెట్టి చుట్టనిండు. కొరమీను పులుసుకు పుట్టినది, దానిని చింతపండుతో ఉడకనిండు.

ప్రశ్న: నాకు ఐదో నెల. మావారు పెళ్లిరోజుకు సుషీ తినిపిస్తానంటున్నారు.
— మణుగూరు

జవాబు: ఉడికినవి తినుడు, పచ్చివి కాన్పు తరువాత, మీ వారు కూడ ఆ రాత్రి ఉడికినవే తినిన శోభగా నుండును.

ప్రశ్న: మా అమ్మాయి టోక్యోలో నిషీకసాయిలో ఉంటుంది. మేము పోతున్నాము. అమెరికా అధ్యక్షుడు తిన్న హోటలుకే తీసుకుపోవాలని అల్లుడు తిరుగుతున్నాడు. స్థలం దొరకడం లేదట. మాకు అంత అవసరమా?
— గోదావరిఖని

జవాబు: అవసరము లేదు. గింజాలో భూగర్భ గదిలో, సుమారు పదిమంది కూర్చుండు ఆ సుకియాబాషి జిరో అంగడిలో 2014లో ఒబామాగారు భోజనము చేసిరి. దానికి 2007 మొదలు మిషెలిన్ అను హోటళ్ల పట్టికలో మూడు నక్షత్రములుండెను. సామాన్యులు స్వయముగా స్థలము కోరిన దొరకదను కారణముననే 2019లో ఆ పట్టికనుండి దానిని తొలగించిరి. మీ అల్లుడు చూపుచున్న ప్రేమ గొప్పది, తిరుగుట మాత్రము మానుమనుడు. అందుకు బదులు బెల్టుమీద పళ్లెములు తిరుగు అంగడికి తీసికొనిపొమ్మనుడు. దానిని 1958లో ఒసాకా ప్రాంతమున షిరాయిషి యోషియాకి యను నతడు బీరు కర్మాగారములో సీసాలను మోయు బెల్టును చూచి ఆలోచించి పెట్టెను. బొగ్గు మోయు బెల్టుల చప్పుడులో జీవితము గడపిన మీకు దానిని ఎవరును వివరించి చెప్పనక్కరలేదు. పెక్కు అంగళ్లలో పళ్లెపు రంగును బట్టి ధర తెలియును, భాష అడ్డురాదు, నచ్చినది చేతికందును, నచ్చనిది ముందుకు సాగిపోవును. దిగిన రాత్రియే పోక, రెండు దినములు నిద్ర కుదిరిన పిదప, అల్లునికి సెలవున్న రోజున మధ్యాహ్నపు రద్దీకి ముందే పొండు.