మా కొత్తకోటకు పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు కావాలి?

వనపర్తి జిల్లాలో 44వ నంబరు హైవే మీద ఉన్న మా కొత్తకోటకు మ్యాప్‌లో నంబర్లు సుమారుగా 16.38, 77.93. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఊరు ఎక్కడుందో చెప్పడానికి ఇవి చాలు. ఊళ్లో ఒక ఇల్లు వెతకాలంటే మాత్రం చాలవు.

ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. అంటే పాయింట్ తర్వాత రెండో అంకె 1.1 కిలోమీటర్లు, నాలుగోది 11 మీటర్లు, ఐదోది 1.1 మీటర్లు, ఆరోది 11 సెంటీమీటర్లు. రేఖాంశం మా దగ్గర డిగ్రీకి 107 కిలోమీటర్లే, కానీ ఆ తేడాను ఇక్కడ వదిలేద్దాం.

పాత పద్ధతిలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు రాస్తారు. నిమిషం 1.85 కిలోమీటర్లు, సెకను 31 మీటర్లు. సెకన్ల దగ్గర ఆపేస్తే చేను దొరుకుతుంది, చేన్లో బోరు దొరకదు.

అసలు ప్రమాదం ఒక పద్ధతిని ఇంకో పద్ధతిగా చదవడంలో ఉంది. హైవే మీద యాక్సిడెంట్ అయింది, ఎవరో 108కి ఫోన్ చేసి నంబర్లు చదువుతున్నారు అనుకోండి. 16.38ని అవతలివాళ్లు 16 డిగ్రీల 38 నిమిషాలు అని రాసుకుంటే? 0.38ని 60తో గుణిస్తే వచ్చేది 22.8 నిమిషాలే. మిగతా 15.2 నిమిషాలంటే 28 కిలోమీటర్లు, ఉత్తరం దిక్కుకు! 77.93ని అలా రాసుకుంటే 93 నిమిషాలు అవుతుంది. నిమిషాలు 59 దాటవు కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. అక్షాంశంలో తప్పు మాత్రం చప్పుడు చేయదు. అందుకే "పాయింట్" అని గట్టిగా పలకాలి.

మరి ఆరు అంకెలు ఇస్తే ఇంకా మంచిదా? ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ తేడా 5 మీటర్ల దాకా ఉంటుంది. (2000 మే దాకా అమెరికా మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టేది, అప్పుడు తేడా 100 మీటర్ల వరకు!) నా లెక్కలో ఐదు అంకెలు చాలు. కోడ్ రాసేవాళ్లకు ఒక మాట: 77.93ని 32 బిట్ల ఫ్లోట్‌లో పెడితే పక్కపక్క విలువల మధ్యే 80 సెంటీమీటర్ల దూరం ఉంటుంది, కాబట్టి డబుల్ వాడండి.

ఇంకో చిక్కు ఉంది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వేలో గ్రేట్ ఆర్క్ 78వ రేఖాంశం చుట్టుపక్కలే సాగింది, అంటే దాదాపు మా వైపే. ఆ సర్వే వారసత్వంగా వచ్చిన పాత టోపోషీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ కొలతలు వాడాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 వాడుతుంది. పాత షీట్ నంబర్లను అలాగే ఫోన్‌లో కొడితే వంద మీటర్లకు పైగా పక్కకు పోతాం, పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు రాసినా సరే.