అవయవ మార్పిడి - రక్తంలో పొంచియున్న ఆపద

1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొక మనిషి రొమ్ములో అమర్చినప్పుడు లోకం నివ్వెరపోయింది. ఆ గుండెను పొందిన లూయీ వాష్కాన్స్కీ పద్దెనిమిది రోజులు మాత్రమే జీవించాడు. అతనిని బలిగొన్నది గుండె కాదు, న్యుమోనియా. ఎక్స్‌రేలో కనిపించిన నీడలను వైద్యులు మొదట తిరస్కరణ చిహ్నాలుగా భావించి, శరీరపు రక్షణశక్తిని అణచే చికిత్సను మరింత పెంచారు. అవయవ మార్పిడిలోని చిక్కు ఈ ఒక్క ఉదంతంలోనే కనబడుతున్నది.

మన రక్తంలోని తెల్లకణాలు కావలివాండ్ర వంటివి. హాని చేయవచ్చిన సూక్ష్మజీవికీ, మేలు చేయవచ్చిన మూత్రపిండానికీ వాటికి భేదం లేదు, రెండూ పరాయివే. 1954లో బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మరే చేసిన మూత్రపిండ మార్పిడి ఫలించిందంటే, దాతయు గ్రహీతయు ఒకే రూపు గల కవలలు కావడమే కారణం. అంతటి అదృష్టం ఎందరికి? తక్కినవారు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి మందులతో ఆ కావలివాండ్రను నిద్రపుచ్చవలసినదే.

అప్పుడు సూక్ష్మజీవులు రక్తంలో జొరబడతాయి. మూత్రపిండం మార్చినవారిలో తరచుగా మూత్రమార్గమే వాటి ద్వారం. కాలేయం మార్చినవారిలో పొట్ట, పైత్యనాళాలు. ఊపిరితిత్తులు మార్చినవారిలో ఆ ఊపిరితిత్తులే. పెద్ద సిరలో ఉంచిన గొట్టం వెంట చర్మంమీది స్టెఫిలోకాకస్ లోపలికి పోగలదు. కాండిడా అనే శిలీంధ్రానికీ అదే దారి. మొదటి నెలలో గాయాలు, గొట్టాలే ముఖ్య కారణాలు. అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసివేయడం, నర్సు చేతులు శుభ్రంగా ఉండడం - ఈ చిన్న పనులకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

అన్నిటికన్న భయంకరమైన విషయం వేరొకటి ఉన్నది. జ్వరం అనేది రక్షణశక్తి వేసే కేక. ఆ శక్తినే అణచినప్పుడు కేక వినబడకపోవచ్చు. కొద్దిపాటి నీరసం, మాటలో తడబాటు, రక్తపుపోటు తగ్గడం - ఇంతే కనిపించి, రోగి కొన్ని గంటలలో విషమస్థితికి చేరవచ్చు. అందువల్ల అనుమానం కలిగినంతనే రెండు వేర్వేరు చోట్ల నుండి రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపి, ఫలితానికై వేచియుండక యాంటీబయాటిక్ ఆరంభిస్తారు. పరీక్షలో ఏ జీవి పెరిగినదో తెలిసిన పిమ్మట దానికి తగిన మందుకు మారతారు. ఆ ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. రిఫాంపిసిన్ ఇచ్చినచో రక్తంలో సైక్లోస్పోరిన్ తగ్గిపోతుంది; ఎరిత్రోమైసిన్ ఇచ్చినచో పెరుగుతుంది; జెంటామైసిన్ కొత్త మూత్రపిండాన్నే దెబ్బతీయవచ్చు.

ఇక అణచే మందులను తగ్గించాలా, కొనసాగించాలా? తగ్గిస్తే అవయవం పోవచ్చు. కొనసాగిస్తే మనిషే పోవచ్చు. మూత్రపిండం విషయంలో వైద్యునికి ఒక ఆశ్రయం ఉన్నది. అవయవాన్ని వదులుకొని అయినా రోగిని తిరిగి డయాలిసిస్‌కు చేర్చి బ్రతికించవచ్చు. గుండె, కాలేయం మార్చినవారికి అటువంటి వెనుకదారి దాదాపు లేదు. అక్కడ మందు మోతాదును రోజురోజుకూ రక్తపరీక్ష చూచి, రోగి ప్రక్కన నిలిచి నిర్ణయించవలసి వస్తుంది.