చిరునామా ముందు, రిపేరు తర్వాత

హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

  

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల లెక్కలు రాసే కంప్యూటర్ నీ చేతికొచ్చిందని రాశావు. చాలా సంతోషం. డీజిలు, ఐసు, వేలం ఖాతాల పేజీ ఆ కంప్యూటర్‌లో తెరుచుకుంటోంది గానీ, జెట్టీ మీదున్న గుమస్తా గారి ఫోన్‌లో రావడం లేదన్నావు. జూన్ 14తో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. బోట్లన్నీ ఒక్కసారే ఐసుకీ డీజిలుకీ ఎగబడతాయి. ఆ రద్దీలో మెకానిక్ కోసం ఎదురుచూస్తే కుదరదు. ఈలోగా ఈ పని నువ్వే నేర్చేసుకో.

ముందు కంప్యూటర్ చిరునామా చూడు. విండోస్‌లో సీఎండీ అని వెతికి, వచ్చిన నల్ల స్క్రీన్‌లో ఐపీకాన్ఫిగ్ అని ఖాళీ లేకుండా కొట్టు. ఐపీవీ4 అడ్రస్ అన్న వరస కనిపిస్తుంది. అది 192.168తోనో 10తోనో మొదలైతే మీ రూటర్ ఇచ్చిన లోపలి చిరునామా. ఇళ్లకీ ఆఫీసులకీ వదిలేసిన అంకెలవి, బయట ఇంటర్నెట్‌లో చెల్లవు. 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. అప్పుడు ముందు కేబుల్, వైఫై చూసుకో.

127.0.0.1 సంగతి వేరు. అది ఏ యంత్రమైనా తనను తాను పిలుచుకునే అంకె. గుమస్తా గారికి నువ్విచ్చింది అదే అయితే, ఆయన ఫోన్ ఆ పేజీని తనలోనే వెతుక్కుంటుంది. ఆయనకివ్వాల్సింది ఐపీకాన్ఫిగ్ చూపించిన అంకె. ఫోన్ కూడా మీ వైఫైలోనే ఉండాలి.

ఆ అంకె ఎప్పటికీ అదే ఉంటుందనుకోకు. బోటు మీద ఐఎన్‌డీ ఏపీ వీ5 అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు మారదు, ఏ జెట్టీకి కట్టారన్నది మారుతుంటుంది. కంప్యూటర్‌కి మ్యాక్ అడ్రస్ ఆ రిజిస్ట్రేషన్ నంబరు లాంటిది, ఐపీ జెట్టీ లాంటిది. కరెంటు పోయి రూటర్ మళ్లీ మొదలైతే ఐపీ మారిపోవచ్చు. అందుకని రూటర్ సెట్టింగుల్లో ఆ మ్యాక్ అడ్రస్‌కి ఒకే ఐపీని రిజర్వ్ చెయ్యి.

ఇక ఆ పేజీని అందించే వెబ్ సర్వర్. అదే నల్ల స్క్రీన్‌లో నెట్‌స్టాట్ మైనస్ ఏఎన్ఓ అని కొడితే ఏ పోర్టులో ఏది వింటోందో వరసగా వస్తుంది. వెబ్‌కి మామూలుగా 80, హెచ్‌టీటీపీఎస్‌కి 443, ఇలాంటి చిన్న సర్వర్లకి తరచుగా 8080. మీ పోర్టు ముందు 127.0.0.1 ఉంటే సర్వర్ బయటివాళ్ల మాట వినదు. 0.0.0.0 ఉంటే వింటుంది. అయినా పేజీ రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడు. నెట్‌స్టాట్ చూపించిన వరస చివరి అంకెని టాస్క్ మేనేజర్‌లో వెతికితే ఆ సర్వర్ ఏ ప్రోగ్రామో తెలుస్తుంది. కర్ల్ మైనస్ పెద్ద ఐ అని కొట్టి, పక్కన పేజీ చిరునామా రాస్తే, వచ్చే జవాబులో సర్వర్ అనే వరస ఉండొచ్చు. అపాచీయా, ఎంజినెక్సా అని, ఒక్కోసారి వెర్షన్ కూడా అక్కడే దొరుకుతుంది. వెర్షన్ పాతదైతే అప్‌డేట్ చేయించు.

తప్పు లోపలుందా బయటుందా తేల్చుకోవడానికి ఒక పద్ధతి చెప్తాను. చేపలు దొరికే చోట్లు చెప్పే ఇన్‌కాయిస్ సైట్ మీకు ఎలాగూ కావాలి. 1999లో ఇక్కడ హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థ, ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడి, క్లోరోఫిల్ వివరాలతో ఆ సూచనలిస్తుంది. ఆ సైట్ తెరుచుకుని మీ ఖాతా పేజీ రాకపోతే తప్పు మీ ఆఫీసులోనే ఉంది. ఖాతా పేజీ వచ్చి ఆ సైటూ, మిగతా సైట్లూ రాకపోతే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. ఈ తనిఖీలన్నీ మీ యంత్రాల మీదే. అనుమతి లేకుండా ఇతరుల సర్వర్లలోకి చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం శిక్షార్హం. ఎవరైనా సరదాగా చూద్దామన్నా ఒప్పుకోకు. మీ ఖాతా పేజీని కూడా రూటర్ దాటించి ఇంటర్నెట్‌లో పెట్టకు. సరంగుల, కలాసీల డబ్బు లెక్కలు అందులో ఉన్నాయి.

ఐపీ, మ్యాక్ అడ్రస్, పోర్టు, సర్వర్ పేరు, వెర్షన్, ఈ అయిదూ ఆఫీసు పుస్తకంలో తేదీ వేసి ఈరోజే రాసిపెట్టు. మారినప్పుడల్లా కొత్త వరస రాయి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకు.

ఇట్లు,
నీ అన్నయ్య