చీమను చీమలాగే ఉంచు

బిడ్డా,

నెత్తురు ఎక్కువ పోసినంత మాత్రాన భయం పుట్టదు. నువ్వు పంపిన పేజీలన్నీ చూసిన. ఏడు చేపల కథను చీకటి కామిక్‌గా గీస్తున్నానంటే సంబరపడ్డ. తీరా చివరికొస్తే చీమకు ఎర్రకళ్లు, కోరలు, వాటికి వేలాడుతూ పసివాడి వేలు! పిల్లల కథను ఖరాబు చేసిందని మీ అమ్మ కోపం. నా కోపం వేరే.

మీ అమ్మకు జవాబు తేలికే. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన కథలో స్నోవైట్‌ను చంపమన్నది కన్నతల్లి. 1819 కూర్పు నాటికి ఆమెను సవతితల్లిని చేసిన్రు. నువ్వు నెత్తిన పెట్టుకునే అమెరికా కామిక్స్, 2002 నాటి బిల్ విల్లింగ్‌హామ్ 'ఫేబుల్స్' అయినా, 2005లో మొదలైన జెనెస్కోప్ వాళ్ల 'గ్రిమ్ ఫెయిరీ టేల్స్' అయినా, కడిగేసిన నలుపును తిరిగి తెచ్చినవే. మనకది కొత్త కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' నుంచి మొదలుపెట్టి ఏళ్లకేళ్లు మాంత్రికులతో, రాకాసులతో సీరియళ్లు నడిపిండు. అవి చదివి ఎవరూ చెడిపోలే.

ఇక నా కోపం సంగతి. తిట్టుకున్నా సరే, విను. భయానికి కట్టుబాటు ఉండాలె. బేతాళ కథలు తీసుకో. చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మలో భుజాన శవం, చేతిలో కత్తి, నడుస్తున్న రాజు. అంతకన్నా ఏమున్నది? భయమంతా షరతులో ఉంది. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెప్తే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రాజు తెలివే రాజుకు ఉచ్చు. సోమదేవుడు 11వ శతాబ్దంలో సంస్కృతంలో చెప్పిన పాతిక కథలు అయిపోయినంక కూడా చందమామ వాళ్లు దశాబ్దాల పాటు కొత్తవి అల్లగలిగిన్రంటే, ఆ షరతు అంత గట్టిది. సోమదేవుడి దగ్గర ఇరవైనాలుగో ప్రశ్న చదివినవా? అడవిలో రెండు జతల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామె నాకు, చిన్న పాదాలామె నీకు అని తండ్రీకొడుకులు ముందే ఒప్పందం చేసుకుంటరు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. మాట ప్రకారం పెండ్లిళ్లయితయ్. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతరు? రాజుకు తెల్వదు. నిజంగానే తెల్వక నోరు మూసుకుని నడుస్తడు. ఒక్క చుక్క నెత్తురు లేదు, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

ఏడు చేపల కథలోనూ షరతు ఉంది, నువ్వు చూడలే. చేప గడ్డిమోపు మీద చెప్తది, మోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద. అట్ల నెట్టుకుంటూ పోతరు. అబద్ధం ఎవరూ ఆడరు, తప్పు ఎవరి దగ్గరా ఆగదు. చివర చీమ ఒక్కటే, అవును, కుట్టిన, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. కథ మొత్తంలో తన పని తాను ఒప్పుకున్న ప్రాణి అదొక్కటే. దాన్ని పట్టుకొని రాకాసిని చేస్తవా!

చీకటి కావాలంటే పటాన్‌చెరులో కూర్చుని జర్మనీ అడవులు ఎందుకు గీస్తవ్? నీ కథను గండిగూడెం చెరువులో చచ్చి తేలిన చేపలతో మొదలుపెట్టు. చేప నీళ్లను చూపుతుంది, నీళ్లు వాగును, వాగు రాత్రి వచ్చే ట్యాంకర్‌ను, డ్రైవర్ కాంట్రాక్టర్‌ను, ఆయన ఇంకొకరిని. నీకు మాయనీళ్లు కావాలా? పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే, క్రిములను చంపే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చేసిన్రు. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. మందే వాగై పారుతుంటే దానికి చావని క్రిములే మిగులుతయ్. ఏ మాంత్రికుడికి తట్టింది ఈ ఆలోచన?

ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తయ్. ఆ దారే నీ పేజీల వరుస. రంగులు తర్వాత, ముందు పెన్సిల్‌తో గియ్యి. మాటల బుడగలు పెద్దవైనయ్, సగానికి తగ్గించు. ఈ గొలుసులో నీ చీమ ఎవరో, నేను చేసిన అని ఎవరు ఒప్పుకుంటరో నాకైతే తోచలే. నీకూ దొరకకపోతే దొంగచీమను అతికించకు. ఆఖరి గడిలో పుట్ట మాత్రం గీసి పంపు, చూస్త.

మీ పెద్దనాయన