ముత్తుకూరు చేపల కాలేజి

నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే దారిలో ముత్తుకూరు ఉంది. నెల్లూరికి సుమారు 20 కిలోమీటర్లు. అది మండల కేంద్రం. ఒక పక్క వరి మడులు. ఇంకో పక్క ఉప్పు నేల, రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ. అవి దాటితే సముద్రం.

ఈ ఊళ్ళో ఒక సర్కారు కాలేజి ఉంది. చిన్న కాలేజి. అక్కడ చెప్పేది చేపల చదువు, రొయ్యల చదువు. కాగితాల మీద దాని పేరు మత్స్య కళాశాల. మత్స్యం అంటే చేప. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఫిషరీస్ కాలేజి అంటారు.

కొత్తగా విన్నవాళ్ళు నవ్వుతారు. "చేపలకు చదువేందమ్మా? వల వేస్తే పడతాయి. గంపకెత్తుకుని పోతే అమ్ముడు పోతాయి" అంటారు.

ఆ మాటలో సగం నిజం ఉంది. సముద్రం పక్కన పుట్టిన ఆడమనిషికి చేపల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా ఉంటే తాజా చేప. కన్ను లోపలికి పోయి ఉంటే నిన్నటి చేప. వేలితో నొక్కితే గుంట పడి అట్టే ఉండిపోతే ఆ చేప కొనదు. నెత్తళ్ళకు ఎంత ఎండ కావాలో, వంజరానికి ఎంత ఉప్పు పట్టించాలో ఆమె చేతికి తెలుసు. ఇదంతా చదువే. కాకపోతే ఎవరూ రాసిపెట్టని చదువు. యానాది ఆడవాళ్ళకు కాలువల్లో, వాగుల్లో ఏ గుబురు కింద ఏ చేప ఉంటుందో తెలుసు. ఆ తెలివికి ఏ కాలేజీ పట్టా ఇవ్వలేదు.

మిగతా సగం సంగతి తెలియక ఈ తీరంలో ఎన్నో కుటుంబాలు దెబ్బతిన్నాయి. ఆ కథ తెలిస్తేనే కాలేజి ఎందుకో తెలుస్తుంది.

కాలేజి ఎట్లా వచ్చింది

మన దేశంలో చేపల చదువుకు మొదటి కాలేజి 1969లో మంగళూరులో పెట్టారు. అది కర్ణాటకలో ఉంది. తరువాత 1977లో తమిళనాడులోని తూత్తుకుడిలో ఒకటి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌కు అంత పొడవు సముద్రతీరం ఉన్నా ఇలాంటి కాలేజి చాలాకాలం లేదు.

1980ల చివర్లో తీరంలో రొయ్యల పెంపకం మొదలైంది. టైగర్ రొయ్యకు జపాన్‌లో, అమెరికాలో మంచి ధర పలికింది. నెల్లూరు తీరంలో ఉప్పు నేలలు తవ్వారు. వరి పండే నేలలు కూడా తవ్వారు. బయటి ఊళ్ళ నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి భూములు కొన్నారు, కౌలుకు తీసుకున్నారు. మొదటి పంటల్లో లాభాలు వచ్చాయి. పక్కవాడికి వచ్చింది కదా అని మనవాడూ తవ్వాడు. నీళ్ళ సంగతి, రోగాల సంగతి చెప్పేవాళ్ళు చాలా తక్కువ.

అట్లాంటి రోజుల్లో, 1991లో ముత్తుకూరు మత్స్య కళాశాల ఏర్పడింది. అప్పుడు అది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఆ విశ్వవిద్యాలయానికే 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పెట్టాక ఈ కాలేజి దాని కిందికి పోయింది. 2020లో చేపల చదువుకని విడిగా ఒక విశ్వవిద్యాలయం పెట్టడానికి చట్టం చేశారు. దానికి 2022లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గర శంకుస్థాపన జరిగింది. గేటు మీద బోర్డు మారింది గానీ చెప్పే చదువు అదే.

కాలేజి మొదలైన ఆ ఏళ్ళలోనే నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు నడిచాయి. ఆడవాళ్ళు లాంతరు వెలుగులో పలకలు పట్టారు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ కథ వేరే పాఠంలో చెప్పుకోవలసినంత పెద్దది. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, ఒక చోట అ ఆలు, ఇంకో చోట రొయ్యల శాస్త్రం మొదలయ్యాయి. ఆ రెండు చదువులూ కలుసుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

తెల్లమచ్చ

1994లో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చింది. రొయ్య పెంకు మీద తెల్లటి చుక్కలు కనపడతాయి. రొయ్య మేత మానేస్తుంది. గట్టు దగ్గరికి వస్తుంది. కొద్దిరోజుల్లో గుంట మొత్తం చచ్చిపోతుంది. ఇది వైరస్ వల్ల వచ్చే రోగం. వైరస్ అంటే కంటికి కనపడని సూక్ష్మజీవి. ఈ రోగానికి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రోగం వచ్చిన గుంటలోని నీళ్ళను కాలువలోకి వదిలారు. అవే నీళ్ళను కింది రైతు మోటారు పెట్టి తన గుంటకు తోడుకున్నాడు. రోగం కూడా ఆ నీళ్ళతోనే పోయింది. పీతలు కూడా ఈ రోగాన్ని మోస్తాయి. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకుతాయి. చచ్చిన రొయ్యను నోట కరుచుకున్న కాకి ఎగురుతూ పక్క గుంటలో జారవిడుస్తుంది. ఈ సంగతులు ముందే తెలిసి ఉంటే అన్ని గుంటలూ పోయేవి కావు. అప్పు చేసి తవ్విన చిన్న రైతులు భూములు అమ్ముకున్నారు. చాలా ఇళ్ళలో ముందు పోయింది ఆడవాళ్ళ మెడలో బంగారమే.

తీరంలో ఇంకో బాధ కూడా ఉంది. గుంటల ఉప్పునీళ్ళు నేలలోకి ఇంకాయి. పక్కనున్న మంచినీళ్ళ బావులు ఉప్పన అయ్యాయి. బిందె పట్టుకుని దూరం నడవాల్సింది ఎవరో చెప్పనక్కర్లేదు. సముద్రానికి పోయే దారులకు గుంటలు అడ్డం వచ్చాయి. ఈ కష్టం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. వేసినవారు తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. కోర్టు నాగపూరులోని నీరి అనే సంస్థను పంపి ఆంధ్ర, తమిళ తీరాలను చూసి రమ్మంది. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సముద్రపు పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపల కొత్తరకం రొయ్యల గుంటలు ఉండకూడదని, వరి నేలలను, ఉప్పు మడులను గుంటలుగా మార్చకూడదని కోర్టు చెప్పింది. తరువాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం తీరంలో రొయ్యలు పెంచేవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి. మీ ఊరి పక్క గుంటకు ఆ నమోదు కాగితం ఉందా లేదా అని అడిగే హక్కు మీకు ఉంది.

2009లో వనామీ రొయ్యను పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఇది అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య. దీని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నైలో విడిగా ఉంచి, రోగం లేదని పరీక్ష చేసి గానీ బయటికి పంపరు. ఇప్పుడు తీరంలో ఎక్కువగా పెంచేది ఇదే. తెల్లమచ్చ నేర్పిన పాఠం ఇంతవరకైనా పనికొచ్చింది.

తెల్లవారుజాము సంగతి

కాలేజీలో తరగతి గదులు, ప్రయోగశాలలు, పుస్తకాల గది, హాస్టళ్ళు ఉన్నాయి. అవి ఏ కాలేజీలోనైనా ఉంటాయి. ఇక్కడ వీటితో పాటు చేపల చెరువులు కూడా ఉన్నాయి. పిల్లలు పుస్తకం మూసి నీళ్ళలోకి దిగాలి. వల లాగాలి. చేప పొట్ట కోసి లోపల ఏముందో చూడాలి. మట్టి తీసి, నీళ్ళు తీసి పరీక్ష చేయాలి.

నీళ్ళకు పరీక్ష ఎందుకు? చేప కూడా ఊపిరి పీల్చుకుంటుంది. నీళ్ళలో కరిగి ఉన్న గాలిని మొప్పలతో పీలుస్తుంది. ఆ గాలిని ఆక్సిజన్ అంటారు. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయి కదా. ఆ పచ్చదనం కంటికి కనపడనంత చిన్న మొక్కలది. ఎండ ఉన్నంతసేపు ఆ మొక్కలు నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతాయి. పొద్దు గూకితే వదలడం ఆగిపోతుంది. రాత్రంతా ఆ మొక్కలూ, రొయ్యలూ, అడుగునున్న బురదా కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున అది బాగా తగ్గిపోతుంది. అప్పుడు రొయ్యలు పైకి తేలి గట్టు వెంట తిరుగుతాయి. గట్టు మీద కాపలా పడుకున్నవాళ్ళు ఇది చూసే ఉంటారు. "గాలి తిరిగింది, రొయ్య తేలింది" అనుకుంటారు. తేలింది గాలి తిరిగినందుకు కాదు, ఊపిరి ఆడక.

లీటరు నీళ్ళలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. చిటికెడు ఉప్పు కన్నా ఎంతో తక్కువ. అంత కొంచెం తేడాతో ఒక ఇంటి ఏడాది సంపాదన తెల్లారేసరికి పోతుంది. గుంటల్లో తిరిగే చక్రాలు నీళ్ళను చిమ్మి గాలి కలిపేది ఇందుకే. రాత్రి కరెంటు పోతే రైతు గుండె ఎందుకు కొట్టుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా.

ఐసు, ఉప్పు, ఎండ

చేప పట్టాక ఏం చేయాలన్నది కూడా ఈ కాలేజీలో ఒక పెద్ద సబ్జెక్టు. గంప ఎత్తే ఆడవాళ్ళకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఇదే.

చేప చచ్చిన గడియ నుంచి దానిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేడిలో త్వరగా పెరుగుతాయి. చల్లదనంలో నెమ్మదిస్తాయి. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు వేయాలి. అడుగున ఐసు, మధ్యలో చేప, పైన ఐసు. పెద్ద గడ్డలుగా వేస్తే చేపకు తగలదు, నలిపి వేయాలి. కరిగిన నీళ్ళు పోవడానికి పెట్టెకు కింద చిల్లు ఉండాలి. "అంత ఐసు కొంటే మిగిలేదేంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే, ఐసుకు డబ్బు పెట్టాలి. అయితే మధ్యాహ్నం దాటాక మెత్తబడిన చేపను వచ్చిన ధరకు ఇచ్చేసి ఇంటికి రావడం కూడా ఖర్చే. ఆ రెండు ఖర్చులూ పలక మీద పక్కపక్కన రాసి చూసుకోవాలి.

ఎండు చేపల సంగతీ అంతే. ఇసుకలో పరిచి ఎండబెడితే ఇసుక అంటుకుంటుంది. కుక్కలు, కోళ్ళు తిరుగుతాయి. కింది నుంచి తేమ పడుతుంది. నేలకు ఎత్తుగా కర్రలు పాతి, దాని మీద పాత వల కట్టి ఆరేస్తే గాలి కింద నుంచి కూడా తగులుతుంది. త్వరగా ఎండుతుంది. రంగు బాగుంటుంది. కొనేవాడు బేరం తగ్గిస్తాడు. ఉప్పు పట్టించే ముందు చేపను మంచినీళ్ళతో కడగాలి. నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు అన్నది మామూలు లెక్క.

ఇవి కొత్త సంగతులు కావు. కొందరు అవ్వలు ఎప్పుడో చేసినవే. చదువుకున్నవాళ్ళు వాటిని కొలిచి, ఎందుకో తెలుసుకుని రాశారు.

మన పిల్లలు చేరాలంటే

ఇక్కడి డిగ్రీని బి.ఎఫ్.ఎస్సీ. అంటారు. నాలుగేళ్ళ చదువు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదువుతారు. చదువులో భాగంగా పిల్లలు పల్లెలకు వచ్చి, చేపల రైతుల దగ్గర పని నేర్చుకోవాలి. వాళ్ళు మీ ఊరికి వస్తే పిలిచి కూర్చోబెట్టండి. మీకు తెలిసింది చెప్పండి. తెలియనిది అడగండి.

ఇందులో చేరాలంటే ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. అంటే జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. తరువాత ప్రవేశ పరీక్ష రాయాలి. పూర్వం దాన్ని ఎంసెట్ అనేవారు. 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు. కొన్ని సీట్లు పల్లెటూళ్ళలో చదివిన రైతుబిడ్డలకు కేటాయిస్తారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉంటాయి. ఇంటర్ దాకా పోలేని పిల్లలకు రెండేళ్ళ డిప్లొమా ఉంది. దానికి పదో తరగతి చాలు. కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో అందుకు పాలిటెక్నిక్ ఉంది.

చదివాక మత్స్యశాఖలో, బ్యాంకుల్లో, రొయ్యపిల్లల హేచరీల్లో, మేత కంపెనీల్లో పనులు దొరుకుతాయి. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ మత్స్య సహాయకుల ఉద్యోగాలు వచ్చాయి. వాటికి చేపల డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్ళను తీసుకున్నారు.

కాలేజి గేటుకు దగ్గరలో పుట్టినంత మాత్రాన లోపలికి పోవడం సులువు కాదు. పట్టపుపాలెంలో ఏడో తరగతి పిల్లను బడి మాన్పించి రొయ్యల తలలు తీసే పనికి పంపితే, ఆ పిల్లకు ఇంటర్ ఎక్కడ? బైపీసీ ఎక్కడ? పదో తరగతి తరువాత లెక్కలు, సైన్సు భయమని వేరే గ్రూపులో చేర్పిస్తే ఈ దారి అక్కడే మూసుకుపోతుంది. అందుకే ఈ సంగతి పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడే ఇంట్లో తెలిసి ఉండాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. పల్లెటూరి సీటు అడిగినప్పుడు పిల్ల ఏ ఊళ్ళో ఏ తరగతి చదివిందో రుజువు చూపమంటారు. ఒకటో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, రేషను కార్డు, ఆధార్ కార్డు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఎలుకలకు, వానకు అందకుండా దాచండి. తుపాను వచ్చి ఇల్లు వదలాల్సి వస్తే ముందు ఆ సంచి తీసుకోండి.

కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఈ ఏడాది పదో తరగతి చదివే ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ళ పేర్లు పలక మీద రాయండి. మీకు దగ్గరలోని జూనియర్ కాలేజీలో బైపీసీ ఉందా? మీ బావిలో నీళ్ళు ఎప్పటి నుంచి ఉప్పన అయ్యాయి? అప్పటికి పక్కన గుంటలు ఉన్నాయా?